చేయి తిరిగిన చోటు

జపాన్ వుడ్‌బ్లాక్ ప్రింట్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఒకటే బొమ్మ, హొకుసాయ్ కెరటం. ఫోన్ కవర్ల మీద, టీషర్టుల మీద, కాఫీ షాపు గోడల మీద, 2024 నుంచి జపాన్ వెయ్యి యెన్‌ల నోటు వెనక కూడా అదే. ఇన్నిసార్లు చూసిన బొమ్మే అయినా, దీన్ని చెక్కిందెవరు అని అడిగితే తడుముకుంటాం. హొకుసాయ్ మాత్రం కాదు. ఆయన గీశాడు. చెక్కినవాడు వేరు, కాగితం మీద అచ్చు తీసినవాడు వేరు, పెట్టుబడి పెట్టి అమ్ముకున్న నిషిమురాయ యొహాచి వేరు. ఈ నలుగురిలో చెక్కినవాడి పేరూ, అచ్చు తీసినవాడి పేరూ ఆ బొమ్మ మీద కనపడవు.

తూలా మొయిలానెన్ గురించి రాయాలంటే నాకు ఇక్కణ్ణుంచి మొదలుపెట్టడమే సబబనిపించింది. ఆమె ఫిన్లాండ్ ఆర్టిస్టు. 1980ల చివర క్యోటో వెళ్లి, క్యోటో సేకా యూనివర్సిటీలో అకీరా కురోసాకి దగ్గర వుడ్‌బ్లాక్ ప్రింటింగ్ నేర్చుకుని, ఆ ఊళ్లోనే ఇరవయ్యేళ్లకు పైగా ఉండిపోయింది. 1999లో కారి లైతినెన్, అంత్తి తంత్తులతో కలిసి 'ది ఆర్ట్ అండ్ క్రాఫ్ట్ ఆఫ్ వుడ్‌బ్లాక్ ప్రింట్‌మేకింగ్' అనే పుస్తకం తెచ్చింది. హెల్సింకీలోని ఆర్ట్ అండ్ డిజైన్ యూనివర్సిటీ ప్రచురణ. ఇలాంటి ఆర్టిస్టుల్ని గ్యాలరీల వాళ్లు మామూలుగా ఒక్క వాక్యంలో పరిచయం చేసేస్తారు: జపాన్ సంప్రదాయ కళను నేర్చుకున్న విదేశీయురాలు అని. ఆ వాక్యంలో 'సంప్రదాయ' దగ్గర ఒకసారి, 'నేర్చుకున్న' దగ్గర ఇంకోసారి నేను ఆగిపోతాను.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. అది తెలియకుండా ఈ కళ గురించి చేసే చర్చంతా గాలి కబుర్లే.

చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీతల బొమ్మ గీస్తాడు. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, నున్నగా చిత్రిక పట్టిన చెక్క మీద అంటిస్తారు. దీన్ని హాన్‌షితా అంటారు. పైపొరని వేలితో మెల్లగా నులిమి తీసేస్తే గీతలు అద్దంలోలాగా తిరగబడి కనిపిస్తాయి. ఇక కత్తి ఆ కాగితాన్నీ చెక్కనీ కలిపే కోస్తుంది. చెక్కడం పూర్తయ్యేసరికి అసలు బొమ్మ మిగలదు. చిత్రకారుడి చేతిగీత చెక్కేవాడి చేతిలో నాశనమైతేనే ప్రింట్ పుడుతుందన్నమాట. పైగా చెక్కేవాడు గీతని కోయడు, గీతకి రెండు పక్కలా ఉన్న చెక్కని కోస్తాడు. హిరోషిగే 1857 నాటి వంతెన బొమ్మలో కురిసే వానని ఒకసారి దగ్గరగా చూడండి. వెంట్రుకల్లాంటి ఆ చినుకు గీతలన్నీ అచ్చు దిమ్మ మీద నిలబడి మిగిలిన సన్నటి గట్లు. కత్తి ఒక్కచోట జారితే ఒక చినుకు పోతుంది.

రంగుకొక బ్లాకు కావాలి. పది రంగులుంటే పదిసార్లు కాగితం పరచాలి, పదిసార్లూ ఒకే చోట పడాలి. ఇందుకోసం బ్లాకు మీదే ఒక మూల ఎల్ ఆకారంలో గాటు, అదే అంచున కొంచెం దూరంలో తిన్నటి గాటు పెడతారు. పేరు కెంతో. కాగితం మూలని ఒకదానికి, అంచుని ఇంకోదానికి ఆనిస్తే చాలు, రంగు మీద రంగు సరిగ్గా కూర్చుంటుంది. ఇంత చిన్న ఉపాయం మీద ఒక పరిశ్రమ మొత్తం నడిచింది.

ఇక రంగు వేయడం. నీళ్లలో కలిపిన రంగు, దానికి కొంచెం బియ్యప్పిండి జిగురు. బ్రష్‌తో బ్లాకు మీద సమంగా రుద్దుతారు. ముందే తడిపి ఉంచిన కాగితాన్ని దాని మీద పరిచి, వెనక నుంచి బారెన్‌తో రుద్దుతారు. బారెన్ అంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల. లోపల వెదురు పొరల్ని పేని చుట్టచుట్టిన తాడు ఉంటుంది, పైన వెదురు పొరతోనే తొడుగు. ప్రెస్ లేదు, యంత్రం లేదు, ఒంటి బరువే ఒత్తిడి. యూరప్ పద్ధతిలో నూనె ఇంకుని రోలర్‌తో బ్లాకు మీద పూస్తారు, ఆ ఇంకు కాగితం పైన పొరలా కూర్చుంటుంది. ఇక్కడ రంగు కాగితం లోపలికి దిగుతుంది. కోజో చెట్టు నారతో చేసిన ఆ కాగితం తడిలోనూ చిరగకుండా ఇంత రాపిడికీ ఓర్చుకుంటుంది. ప్రింట్‌ని తిప్పి చూస్తే వెనక రంగు నీడ కనిపిస్తుంది, కొన్నిసార్లు బారెన్ తిరిగిన సుడులు కూడా.

ఆకాశం పైనుంచి కిందికి ముదురు నీలం మెల్లగా పలచబడుతూ పోతుంది కదా, దాన్ని బొకాషీ అంటారు. అది బ్లాకులో చెక్కి లేదు. ప్రతి కాగితానికీ ముందు బ్లాకు మీద నీళ్లూ రంగూ కలిపి బ్రష్‌తో మళ్లీ మళ్లీ చేయాలి. రెండొందల ప్రతులు తీస్తే రెండొందలసార్లు. 'నకళ్లు తీయడం' అనే మాట ఇక్కడ సగమే నిజం.

వీటన్నిటికీ కింద నీళ్లున్నాయి. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగుకీ పదో రంగుకీ మధ్య తడి మారితే కెంతో ఎంత బాగా కోసినా రంగు పక్కకి పోతుంది. మరీ తడిగా ఉంచితే బూజు. జూన్ వానల్లో క్యోటో గాలి ఒకలా ఉంటుంది, చలికాలం హీటర్లు వేసుకున్న హెల్సింకీ గది గాలి ఇంకోలా ఉంటుంది. అక్కడ కాగితం చూస్తుండగానే పొడిబారిపోతుంది. తెలుగులో 'చేయి తిరగడం' అని ఒక మంచి మాటుంది. ఈ పనిలో ఆ చేయి ఒక ఊరి తేమలో తిరుగుతుంది. మొయిలానెన్ ఇరవయ్యేళ్లు అక్కడే ఉండటాన్ని నేను భక్తిగానో, జపాన్ మోజుగానో చదవను. నీళ్లు ఎంత పడితే ఎంతో చేతికి తెలియడానికి కొన్ని వానాకాలాలు పడతాయి.

సరే, ఆమె నేర్చుకున్నది 'సంప్రదాయమే'నా?

ఎదో కాలపు పని పద్ధతి ఇందాక చెప్పిన నలుగురిది. కుర్రవాడుగా ఉన్నప్పుడే గురువు ఇంట్లో చేరి, ఏళ్ల తరబడి ఒక్క పని, చెక్కడమో అచ్చు తీయడమో, నేర్చుకునేవాళ్లు. దాదాపు అంతా మగవాళ్ల లోకం. ఆ పద్ధతిలో 'నేను గీసి, నేనే చెక్కి, నేనే అచ్చు తీస్తాను' అనే మనిషి లేడు. ఆ మనిషి జపాన్‌లోకి వచ్చింది 1904లో, యామమోతో కనాయె 'జాలరి' అనే చిన్న ప్రింట్‌తో. యామమోతో కుర్రతనంలో పనిచేసింది యూరప్ పద్ధతి చెక్క ఎన్‌గ్రేవింగ్ పనిలో. అంటే కళాకారుడి సొంత చేయి అనే ఆలోచన, సోసాకు హాంగా ఉద్యమం, పుట్టుకలోనే సగం పడమటిది. తర్వాత మునాకాతా షికో వచ్చాడు. అవొమోరి కుర్రాడు. వాన్ గో బొమ్మలు చూసి తనూ వాన్ గో అయిపోవాలనుకున్నవాడు, 1956లో వెనిస్ బియెన్నాలేలో ప్రింట్లకి పెద్ద బహుమతి తెచ్చుకున్నాడు. ఆ వాన్ గో 1887లో పారిస్‌లో కూర్చుని హిరోషిగే వంతెనని నూనె రంగుల్లో ఎత్తి రాశాడు. ఎవరు ఎవరి దగ్గర అప్పు చేశారో లెక్క తేలదు.

మొయిలానెన్ గురువు కురోసాకి కూడా ఎదో వర్క్‌షాపు వారసుడు కాదు. ఆధునిక కళాకారుడు, యూనివర్సిటీ ప్రొఫెసర్. పాత పనివాళ్ల పద్ధతుల్ని అధ్యయనం చేసి, వాటిని క్లాసురూములో నేర్పగలిగే రూపంలోకి తెచ్చినవాడు. కాబట్టి ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఈ ఆడమనిషి అడుగుపెట్టింది తలుపులేసి ఉన్న పాత కొట్టులోకి కాదు. అప్పటికే ఒకసారి పడమటికి వెళ్లి తిరిగొచ్చిన ఇంట్లోకి. యూనివర్సిటీ లేకపోతే ఆమెకి ఆ ఇంట్లో చోటుండేదా అన్నది కూడా ఆలోచించాలి. 'సంప్రదాయం చచ్చిపోయి అకడమిక్ అయిపోయింది' అని నిట్టూర్చేవాళ్లు ఈ మాట మర్చిపోతుంటారు.

అయినా ఆమెకి ముందు వందేళ్లలో జపాన్ ప్రింట్ల వెంట పడ్డ యూరప్ వాళ్లకీ, ఆమెకీ ఒక తేడా ఉంది. నాకు అసలు ఆసక్తి అదే.

వాన్ గో కంటితో నేర్చుకున్నాడు. వంతెనని ఎత్తి రాశాక చుట్టూ అంచులో జపాన్ అక్షరాలు నింపాడు. వేరే ప్రింట్ల నుంచి తీసుకున్న, తనకి చదవడం రాని అక్షరాలు. బొమ్మ అద్భుతం, అందులో వాదన లేదు. కానీ హిరోషిగే వానలో ఉన్న పల్చదనం వాన్ గో వానలో లేదు. రంగు కాన్వాస్ పైన గట్టిగా నిలబడింది, లోపలికి దిగలేదు. ఫిన్లాండ్‌లోనూ ఇదే గాలి వీచింది. 2016లో హెల్సింకీ ఆతెనేయుమ్ మ్యూజియంలో 'జపానోమేనియా' అనే పెద్ద ప్రదర్శన పెట్టారు, 1875 నుంచి 1918 దాకా ఉత్తర యూరప్ కళ మీద జపాన్ పట్టు ఎంతో చూపించడానికి. ఫిన్లాండ్ జాతీయ చిత్రకారుడు అనదగ్గ అక్సెలి గాల్లెన్-కల్లెల 1895లో కూతురు చనిపోయిన దుఃఖంలో 'మృత్యు పుష్పం' అనే వుడ్‌కట్ చేశాడు. యూరప్‌లో వుడ్‌కట్‌కి మళ్లీ ప్రాణం రావడానికి జపాన్ ప్రింట్లు ఒక ముఖ్య కారణమన్నది అందరూ ఒప్పుకునే మాట. అదే ఏడాది బెర్లిన్‌లో అతనితో కలిసి ప్రదర్శన పెట్టిన మూంక్, తర్వాతి ఏళ్లలో చెక్క బ్లాకుని రంపంతో ముక్కలుగా కోసి, వేరువేరుగా ఇంకు పూసి, మళ్లీ కలిపి ఒకేసారి అచ్చు తీసే పద్ధతి కనిపెట్టుకున్నాడు. రంగుకొక బ్లాకు, కెంతో, ఈ బాధంతా తప్పించుకునే దొడ్డిదారి అది. గొప్ప దొడ్డిదారి! చెక్క ఈనెలు బొమ్మలో కనపడేలా వదిలేయడం ఉత్తరాది వుడ్‌కట్ గుర్తయిపోయింది.

ఇంకో రకం వాళ్లు డిజైన్ ఇచ్చి ఊరుకున్నారు. ఇంగ్లీషు చిత్రకారుడు చార్ల్స్ బార్ట్‌లెట్ మన దేశమంతా తిరిగి తర్వాత జపాన్ చేరాడు. అతను గీసుకొచ్చిన తాజ్‌మహల్, కాశీ, ఉదయపూర్ బొమ్మల్ని 1916లో వతనబె షోజబురో ప్రింట్లుగా తెచ్చాడు. ఆ ప్రింట్లు చాలా బావుంటాయి. వాటిల్లో చెయ్యి మాత్రం వతనబె దగ్గర పనిచేసిన వాళ్లది.

మూడో రకం నాకు ఎక్కువ ఇష్టం. జపాన్ వెళ్లకుండానే పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్లు. 1890ల్లో తోకునో అనే జపాన్ అధికారి ఈ పని పద్ధతిని వివరిస్తూ రాసిన వ్యాసాన్ని అమెరికాలో స్మిత్సోనియన్ వాళ్లు ప్రచురించారు. ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ మార్లీ ఫ్లెచర్ దాన్ని చదివి, చేసి చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి, 1916లో తనే ఒక చేతిపుస్తకం రాశాడు. ఇంగ్లీషు ప్రపంచంలో ఒక తరం దాన్ని పట్టుకునే కుస్తీ పడింది.

1999 నాటి ఫిన్లాండ్ పుస్తకం ఈ వరసలోది. తేడా ఏంటంటే, జపాన్ పద్ధతి గురించి చెప్పేవాళ్లలో ఈసారి క్యోటోలో కూర్చుని నీళ్లు కొలిచిన మనిషి ఉంది. ఆ పుస్తకం ఉపశీర్షికలోనే రెండు పద్ధతులున్నాయి, నూనె ఇంకు వుడ్‌కట్, జపాన్ నీటిరంగు వుడ్‌కట్. రెండూ ఒక అట్ట కింద, పక్కపక్కన. చూడటానికి మామూలు అమరికే. కానీ ఇలాంటి పుస్తకాల్లో జపాన్ పద్ధతిని ఒక ధ్యానంలాగా, తూర్పు జ్ఞానంలాగా చూపించి, పడమటి పద్ధతిని వట్టి టెక్నిక్‌గా చూపించే అలవాటొకటుంది. 'జెన్' అన్న మాట కనపడితే నేను పేజీ తిప్పేస్తాను. ఇక్కడ రెండింటికీ ఉలి ఉంది, చెక్క ఉంది, పొరపాట్లున్నాయి. రెండూ పనులే, సమానమైన పనులు. ఈ మర్యాద నాకు నచ్చింది. కెంతో ఎలా కోయాలన్నదే దీని బాధ. ఫుజి కొండ ఎలా గీయాలన్న బాధ దీనికి లేదు. దేన్ని గీసుకుంటావో నీ ఇష్టం.

ఇలా పద్ధతిని తీసుకుని రూపాన్ని వదిలేసినవాళ్ల చేతుల్లోనే ఈ కళ ముందుకి పోయిందని నా నమ్మకం. బ్రిటన్‌కి చెందిన రెబెకా సాల్టర్ 1979 నుంచి ఆరేళ్లు క్యోటోలో ఉంది. ఆమె బొమ్మల్లో కిమోనోలు, పగోడాలు వెతికితే దొరకవు, అంతా అబ్‌స్ట్రాక్ట్. కానీ కాగితం లోపల్నుంచి వచ్చే ఆ మసక వెలుగు చూస్తే అది ఎక్కడిదో తెలిసిపోతుంది. ఆమె తర్వాత లండన్ రాయల్ అకాడమీకి అధ్యక్షురాలైంది, జపాన్ వుడ్‌బ్లాక్ మీద పుస్తకం కూడా రాసింది. రెండో వైపు క్లిఫ్టన్ కార్హు ఉన్నాడు. 1927లో పుట్టిన అమెరికన్, మూలాలు ఫిన్లాండ్‌వి. కార్హు అంటే ఫిన్నిష్‌లో ఎలుగుబంటి. మత ప్రచారకుడిగా జపాన్ వచ్చి, అది వదిలేసి ప్రింట్లలో పడ్డాడు. లావాటి నల్లగీతల్లో క్యోటో పాత ఇళ్లు, పెంకుటి కప్పులు, చెక్క తడకలు. పనితనానికి వంక పెట్టలేం, వాటిని ప్రేమించేవాళ్లూ చాలామందే. నాకైతే పది చూశాక చాలనిపిస్తుంది. ఊరు పాత క్యోటోలాగే ఉండాలన్న బయటివాడి కోరిక వాటిల్లో కొంచెం ఎక్కువ.

డేవిడ్ బుల్ విషయం వేరే. ఇంగ్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగి 1986లో జపాన్ చేరిన ఈయన 'నేను ఆర్టిస్టుని కాదు, పనివాణ్ణి' అన్నట్టుగా బతుకుతాడు. కత్సుకావా షున్‌షో 1775 నాటి 'వందమంది కవులు' పుస్తకంలోని బొమ్మల్ని 1989 నుంచి ఏడాదికి పది చొప్పున పదేళ్లపాటు తిరిగి చెక్కాడు. అంటే పాత పద్ధతిలోని పేరులేని చెక్కేవాడి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు అసాకుసాలో మొకుహాన్‌కాన్ అనే షాపు పెట్టి, ఇతరులకి అచ్చు తీయడం నేర్పించి, మళ్లీ పని విభజన మొదలుపెట్టాడు. యూట్యూబ్‌లో ఆయన వీడియోలు గంటలు గంటలు చూస్తూ కూర్చోవచ్చు, నేను కూర్చున్నాను కూడా.

ఇక్కడే నాకు ఒక ఇబ్బంది. 'వేరేవాళ్ల కళని తీసుకోవచ్చా' అని మన తరం సోషల్ మీడియాలో కొట్టుకుంటుంది. మొయిలానెన్ విషయంలో ఆ ప్రశ్నకి పెద్ద పదును లేదు. ఫిన్లాండ్ ఎవరినీ ఏలి, దోచి, ఈ కళని పట్టుకుపోలేదు. ఇరవయ్యేళ్లు పెట్టి నేర్చుకున్నదాన్ని దొంగతనం అనడం కుదరదు. ఇబ్బంది ఇంకోచోట ఉంది. జపాన్‌లో జీవితమంతా అచ్చు తీసిన ముసలాయన వార్త కాడు. ఫిన్లాండ్ నుంచో కెనడా నుంచో వచ్చి అదే పని నేర్చుకున్నవాళ్లు వార్త అవుతారు. నేను ఈ వ్యాసంలో పేర్లు పెట్టి రాసినవాళ్లని లెక్కేయండి. అచ్చు తీయడమే బతుకుగా ఉన్న జపాన్ పనివాడు ఒక్కడూ లేడు. హొకుసాయ్ నాడు బొమ్మ మీద లేని పేరు, ఇవాళ వ్యాసాల్లోనూ లేదు. ఇది మొయిలానెన్ చేసిన తప్పు కాదు. చూసేవాళ్ల, రాసేవాళ్ల కన్ను అలవాటు పడ్డ తీరు.

మరోపక్క, బయటినుంచి వచ్చినవాళ్లు లేకపోతే ఈ పని ఎంతవరకు నిలబడేదన్నదీ ఆలోచించాలి. బారెన్ పేనేవాళ్లు, బ్రష్‌లు కట్టేవాళ్లు, మంచి చెర్రీ పలకలు కోసి ఆరబెట్టేవాళ్లు జపాన్‌లోనే తగ్గిపోతున్నారు. కొనేవాళ్లుంటేనే చేసేవాళ్లుంటారు. 1997లో అవాజి దీవిలో విదేశీ ఆర్టిస్టుల్ని పిలిచి ఈ పద్ధతి నేర్పే కార్యక్రమం మొదలైంది. 2011లో క్యోటోలో, అవాజిలో మొదటి అంతర్జాతీయ మొకుహాంగా సదస్సు జరిగింది. తర్వాత టోక్యో, హవాయి, నారా, 2024లో కాగితానికి పేరుపడ్డ ఎచిజెన్. ఈ పనిముట్లు కొనేవాళ్లలో హవాయి వాళ్లూ ఉన్నారు, హెల్సింకీ వాళ్లూ ఉన్నారు. ఒక పని బతకడానికి దాన్ని పుట్టించిన ఊరు ఒక్కటే సరిపోని రోజులివి.

మొయిలానెన్ లాంటివాళ్ల ప్రింట్లని మనం చూసేది ఎక్కువగా స్క్రీన్ మీదే. అక్కడ కనపడేది ముందు వైపు, కంటి వైపు. రంగు ఎంత లోతుకి దిగిందో, బారెన్ ఎటు తిరిగిందో, ఎక్కడ చేయి తడబడి సర్దుకుందో చెప్పేది కాగితం వెనక వైపు. ఎవరైనా ఒక ఎగ్జిబిషన్‌లో ఈ ప్రింట్లని గోడకి కొట్టకుండా, గది మధ్యలో వేలాడదీసి, వెనక్కి నడిచి వెళ్లి చూడనిస్తే బావుణ్ణు.